లింగప్ప గుమ్మడికాయల మీది పేర్లు

లింగప్పకు ఉన్నది ఒకటే పిచ్చి. గుమ్మడికాయ పిందెగా ఉన్నప్పుడే దాని మీద మేకుతో వీధిలో ఎవరిదో ఒకరి పేరు గీస్తాడు. కాయతోపాటు పేరూ పెరుగుతుంది. చీమంత అక్షరం రెండు నెలలకు జానెడవుతుంది, మానిన గాయంలా ఉబ్బి, తెల్లగా.

హోసూరులో ఆయనది మా పక్కిల్లే. వేప్పనపల్లిలో సేద్యం మానుకుని వచ్చినా చేతి దురద పోలేదు. పెరట్లో ఉన్నది మంచమంత జాగా. అందులో ఒకటే పాదు, పాదుకు ఒకటే కాయ. మిగతా పిందెలన్నీ తుంచేస్తాడు. తీగ మాత్రం ఎవరి మాటా వినదు. ఒక పొద్దున చూస్తే మా స్నానాలగది కిటికీలోంచి దూరి సబ్బుపెట్టెను చుట్టుకుని ఉంది.

"లింగప్పన్నా, నీ తీగ మా ఇంట్లోకి వచ్చింది!"

"వస్తే ఒక చెంబు నీళ్లు పొయ్యప్పా. అదేమన్నా కాఫీ అడిగిందా?"

కాయకు చెవి ఆనించి గంటలు గంటలు కూర్చునేవాడు. "ఊపిరి పీలుస్తా ఉంది. నువ్వూ ఇను" అన్నాడొకసారి. విన్నాను. లోపల ఏదో మెల్లగా చిటుక్కుమంది. ఆ వారమంతా సాంబారులో గుమ్మడి ముక్క తినలేకపోయాను.

అసలు భయం పేర్లతోనే. పోయిన ఏడు ఎదురింటి మారియప్ప నడుం విరిగి మంచాన పడ్డాడు. చూస్తే కాయ మీద ఆయన పేరు. తర్వాత మూలింటి సెల్వికి డెంగీ. కాయ మీద 'సెల్వి'. పండిన కాయను అమావాస్యకు మూడుదార్ల కూడలికి దొర్లించి పగలగొట్టేవాడు. ఇద్దరూ కోలుకున్నారనుకోండి, కానీ భయానికి అదంతా గుర్తుంటుందా? జనం ఆయన వాకిలి ముందు చప్పుడు కాకుండా చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్లు.

ఈ ఏటి కాయ అన్నిటికన్నా పెద్దది. పాత చీర కప్పుకుని రోజుకు రెండు కిలోలు ఊరుతోంది. కృష్ణగిరి పెద్దకాయల పోటీలో మొదటి బహుమతి తనదేనని లింగప్ప వీధంతా చాటాడు. ఒకరోజు గాలికి చీర తొలగింది. 'వినుత' అని ఉంది.

వినుత నా భార్య. ఎనిమిదో నెల. పోయినసారి బిడ్డ దక్కలేదు.

"మా వినుత పేరెందుకు రాసినావన్నా? తుడిచెయ్!"

"గీసినంక అది నాది కాదప్పా" అని చీర సర్దాడు.

పోటీ రోజు పొద్దున్నే కాయ కోసం టెంపో వచ్చింది. అప్పుడే వినుతకు నొప్పులు మొదలయ్యాయి, నెల ముందే. ఆటో ఎక్కిస్తూ వెనక్కి చూశాను. లింగప్ప మమ్మల్నే చూస్తున్నాడు. చేతిలో సమ్మెట ఉంది.

సాయంత్రానికి కూతురు పుట్టింది. ఇద్దరూ క్షేమం. బట్టల కోసం ఇంటికొస్తే కూడలంతా ఎర్రటి గుజ్జు, కుంకుమ, కర్పూరం మసి. మధ్యలో లింగప్ప చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"బిడ్డ?" అన్నాడు.

"ఇద్దరూ బాగుండారన్నా. మరి నీ పోటీ?"

"ముందు దిష్టి తియ్యల్ల కదా. తొంభై కిలోలు ఎట్ల తిప్పేది? మీ వాకిట్లో పెట్టి నేనే దాని చుట్టూ మూడుసార్లు తిరిగినా. తలకాయ తిరిగి పడిపోతిని."

చీపురుతో వచ్చిన మారియప్ప నవ్వాడు. "నా నడుము విరిగినంకే నా పేరు గీసినాడప్పా. కష్టంలో ఉండేవాళ్ల పేరే ఈయన గీసేది. మీ వినుత ఈసారీ బయపడతా ఉండె కదా."

నాకు సిగ్గేసింది. లింగప్ప పెరట్లోకి వెళ్లాను. తీగ చివర తుంచకుండా మిగిలిన పిందె ఒకటి కనిపించింది. మేకు తీసుకుని 'లింగప్ప' అని గీశాను.

"నాకేం జబ్బప్పా?" అన్నాడు వెనకే వచ్చిన లింగప్ప.

"గుమ్మడికాయ జబ్బు."

ఆయన వంగి చూశాడు. "ఇంకొంచెం లోతుగా గీకప్పా. పెరిగినంక కనపడల్ల కదా."