కట్సినా బొమ్మ మీద పంటిగాట్లు

ఇంతవరకు నన్ను నడిపించిన దేవునికి స్తోత్రం.

ఉద్యోగంలో నా చివరి ఏడాది మార్చిలో నేను అమెరికాలో, అరిజోనాలోని ఒక మ్యూజియంలో రిజిస్ట్రార్‌ని. వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు వేసి, అది ఏమిటో, ఏ స్థితిలో ఉందో రాయడం ఆ పని. ఒక సేకర్త చనిపోయాక ఆయన పోగుచేసిన కట్సినా బొమ్మలు మాకు వచ్చాయి. అక్కడి ఆదివాసులైన హోపీ తెగవాళ్లవి. చెట్టు వేరును చేత్తో చెక్కి రంగులు వేసినవి. కట్సినాలంటే హోపీల నమ్మకంలో వానను, మేలును తెచ్చే ఆత్మలు; పండుగల్లో ఊళ్లోకి వచ్చి నాట్యం చేస్తాయంటారు. ఈ బొమ్మలు వాటి రూపాలు. విగ్రహాన్ని చేసుకోవద్దన్న ఆజ్ఞ సండే స్కూల్లో కంఠస్థం చేసినవాణ్ని. ప్రార్థించుకుని గాని పెట్టె తెరవలేదు.

ఒక బల్లపరుపు బొమ్మ వీపున గాట్లున్నాయి. 'ఎలుక కొరికిన గుర్తులు' అని రాశాను. చూడవచ్చిన హోపీ పెద్దావిడ ఆ కాగితం చదివి పకపకా నవ్వింది.

"ఆ ఎలుక మా అక్కే. పళ్లు వచ్చేటప్పుడు కొరికిందట."

ఆ అక్క ఇప్పుడు బతికి లేదట. బొమ్మను ఇంట్లో ఎవరో అమ్మేశారట. తీసుకెళ్తానంది. మా నియమం ప్రకారం మతసంబంధమైనదైతే తెగ అడిగితే తిరిగి ఇవ్వవచ్చు, ఆటబొమ్మైతే కుదరదు. దీన్ని పూజిస్తారా అని అడిగాను.

"పాప చప్పరించేదాన్ని ఎవరు పూజిస్తారయ్యా?"

విగ్రహం కాదని నా మనసు తేలికపడింది. మరుక్షణమే తట్టింది: ఆ మాట రాస్తే బొమ్మ ఆవిడకు దక్కదు. అయితే ఆటబొమ్మేనా అన్నాను.

"కాదు. కట్సినా తన చేత్తో పాపకిచ్చింది. ఆ ఇవ్వడమే ప్రార్థన. మిగతాది మీకు చెప్పేది కాదు."

డేటాబేస్ చూసే స్వాతిని 'మతసంబంధం', 'ఆటబొమ్మ' కాక మూడో గడి పెట్టమన్నాను.

"డ్రాప్‌డౌన్‌లో రెండే ఆప్షన్లు అంకుల్. ఒకటి సెలెక్ట్ చేయండి, లేకపోతే సేవ్ అవ్వదు. మీరు బైబిల్ అంతా చదివారు కదా, ఇది తేల్చలేరా?"

తేల్చలేకపోయాను. 'ఎలుక' కొట్టేశాను. 'మతసంబంధం' ఎంచి, కింద ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు రాశాను. మ్యూజియం కమిటీ ఒప్పుకుంది. అప్పగించిన రోజు ఆవిడ పెట్టె వద్దని, బొమ్మను చంకనేసుకుని వెళ్లింది.

నేను ఎంచింది సత్యమా, జాలితో చెప్పిన అబద్ధమా, ఇప్పటికీ తెలియదు. వస్తువు ఏమిటని అడిగేముందు, దాన్ని ఎవరు ఎవరికిచ్చారని అడగాలి. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే.

చదివే మీరూ నాతో ఏకీభవించి ప్రార్థించండి: ప్రభువా, తప్పు రాసి ఉంటే క్షమించు. సరిగ్గా రాసి ఉంటే, అది నాకు తెలియజేయి. ఆమేన్.