బండికి మంచినీళ్లు

రాజనర్సయ్య పాత నీళ్ల ట్యాంకర్ పంజగుట్ట చౌరస్తాలో ఆ వారం మూడోసారి ఆవిరి కక్కి ఆగిపోయింది. కంప్యూటర్ కోర్సులకు వచ్చిన పిల్లలతో ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లు కిక్కిరిసిన రోజులవి. ఇంకోసారి నీళ్లు ఆలస్యమైతే వేరే ట్యాంకర్ పెట్టుకుంటానని హాస్టల్ నడిపే సుకన్య అప్పటికే చెప్పేసింది.

అమీర్‌పేట మెకానిక్ నజీరుద్దీన్ రేడియేటర్ విప్పి చూశాడు. లోపలి సన్నటి గొట్టాలన్నీ తెల్లటి ఉప్పు పేరుకుని మూసుకుపోయాయి.

"ఏం నీళ్లు పోస్తున్నవన్నా దీంట్ల?"

"ఎనక ట్యాంకు నిండ బోరు నీళ్లుండంగ కొనుక్కొచ్చి పోస్తనా, భాయ్?"

ఆ ఉప్పు బోరు నీళ్లదేనని, ఇకనుంచి మంచినీళ్లే పొయ్యాలని చెప్పి నజీరుద్దీన్ నవ్వి, రెండు కొత్త రేడియేటర్లు తెచ్చి ముందు పెట్టాడు. అల్యూమినియంది తేలిగ్గా, తళతళలాడుతూ ఉంది. రాజనర్సయ్య చెయ్యి దానిమీదికే పోయింది.

"అది మూసుకపోతే పారేసుడే. గీ రాగిదైతే ఇప్పి, కడిగి, అతుకేసి మళ్ల బిగిస్త. నీ అసుంటోనికి గిదే మంచిది."

"నా అసుంటోడంటే?"

"చెప్తే ఇననోడు."

రాజనర్సయ్యకు రోషమొచ్చింది. రాగిదే బిగించుకున్నాడు. పోతూ పోతూ ఒక మంచినీళ్ల క్యాన్ కొని సీటు పక్కన పెట్టుకున్నాడు.

మర్నాడు పంజగుట్ట రద్దీలో అరగంట నిలబడినా బండి వేడెక్కలేదు. హాస్టల్ దగ్గర పైపు తగిలిస్తుంటే సుకన్య కంట క్యాన్ పడింది.

"అది మాకా, అన్నా?"

"కాదమ్మా, బండికి."

"మాకు బోరు నీళ్లు, బండికి మంచినీళ్లా!"

"మీరు ఆవిరి కక్కరు గద."

"ఇంకోపారి లేటుగ రా, కక్కుతనో లేదో చూద్దువు."