దారం కట్టిన దుబ్బులు

టెరాహెర్ట్జ్ తరంగాలంటే ఏమిటని ఎవరైనా అడిగితే తేలిగ్గా చెప్పే మాట ఒకటుంది నా దగ్గర. అవి బట్ట, అట్ట, ప్లాస్టిక్ గుండా పోతాయి, తడి తగిలితే నీరసపడతాయి. రేపటి ఫోన్లలో వీటిని వాడాలని చూసేవాళ్లకి ఈ తడి పెద్ద తలనొప్పి. నాకు మాత్రం అదే అన్నం పెట్టింది. ఆకు గుండా తరంగాన్ని పంపి, అవతలికి ఎంత చేరిందో కొలిస్తే, ఆకులో నీరెంతుందో తెలుస్తుంది. ఆకు వాడేకొద్దీ అంకె పెరగాలి. ఏడేళ్లుగా నా పరిశోధనంతా ఇదే.

విశాఖపట్నం ల్యాబులో అంకె పెరిగింది. పొలంలోనూ పెరుగుతుందని చూపించాలి. చూపించలేకపోతే మా ల్యాబు కమిటీవాళ్లు పరికరాన్ని వేరే బృందానికి ఇచ్చేస్తారు, నా పని అక్కడితో సరి. చోడవరం నుంచి వడ్డాది పోయే దారిలో మా మేనత్తకి చెరుకుంది. రెండు సాళ్లకి నీళ్లు ఆపమని అడిగాను. ఎదుగుతున్న చెరుకుని కావాలని ఎండగట్టమనేవాళ్లని ఆవిడ ఎన్నడూ చూసి ఉండదు. "నీ సదువు కోసం అన్నావు కాబట్టి సరే" అంది. ఆ సాళ్లలో ఆరు దుబ్బులకి ఎర్రదారం కట్టాను, రోజూ వాటి ఆకులే కొలవడానికి.

మూడు వారాలు కొలిచాను. అంకె కదల్లేదు. మే నెల ఎండకి నేను వాడిపోయాను గానీ ఆకులు వాడలేదట! లెన్స్ తుడిచాను, బ్యాటరీ మార్చాను, నోటికొచ్చినట్టు పరికరాన్ని తిట్టాను. చివరికి ఇది పొలంలో పనికిరాదని మా గైడ్‌కి మెయిల్ పెట్టేశాను. పెట్టినప్పుడు బాధ కూడా కలగలేదు, ఒట్టి అలసట.

మర్నాడు సామాను సర్దుకుందామని, చెప్పకుండా పొద్దున్నే వెళ్లాను. అత్త బిందెతో ఆ సాళ్లలోనే ఉంది. దారం ఉన్న దుబ్బుకి నీళ్లు పోసి, పక్కవాటిని వదిలేసి, దారం ఉన్న ఇంకోదాని దగ్గరికి పోతోంది.

"అత్తా, ఏటి చేస్తన్నావు?"

"నీ పరీచ్చ ఇవే కదే. ఇవి ఎండిపోతే నీకు మార్కులు తగ్గిపోవూ? మిగతావి నువ్వు సూడవు కదా, వాటికి పొయ్యలేదు."

దారం కట్టిన రోజు నుంచీ పోస్తోందట.

కోపం నషాళానికంటింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు పక్క దుబ్బులు కనిపించాయి. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి, కొసలు మాడిపోయాయి. మూడు వారాలు వాటి మధ్యే తిరిగాను, స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. సిగ్గేసింది.

దారం లేని ఆకుని పరికరంలో బిగించాను. అంకె అంతవరకూ ఎన్నడూ పోనంత పైకి పోయింది. ఇంకో ఆకు పెట్టాను. అదీ అంతే.

"ఏటంటంది?"

"దీనికి దాహమేస్తోందంటోంది."

"దానికి మిషనెందుకే? నన్నడిగితే సెప్పనా?" అంది. ఎండిన దుబ్బుల వైపు బిందె చూపిస్తూ, "మరి వీటికీ పోసెయ్యనా?" అని అడిగింది.

ఇంకో వారం ఎండగడితే గ్రాఫు ఇంకా బాగా వచ్చేది. "పోసెయ్యత్తా" అన్నాను. మధ్యాహ్నానికి ఆ ఆకుల్లో అంకె దిగింది.

గట్టు మీద కూర్చుని, పరికరం బాగానే ఉందని గైడ్‌కి మళ్లీ రాస్తున్నాను. అత్త ఖాళీ బిందె పట్టుకుని అక్కడే నిలబడింది.

"నా మూలాన ఫెయిలైపోయేవేటే?"

"లేదత్తా. ఒకే సాలులో తడివీ ఎండినవీ పక్కపక్కనే దొరికాయి. నేను కావాలనుకున్నా అలా చెయ్యలేకపోయేదాన్ని. నీ మూలానే పాసయ్యేను."

"నా మనసు కష్టపడతాదని అంటన్నావు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

పరికరం గురించి గైడ్‌ని, కమిటీని, అందరినీ నమ్మించాను. అత్తని మాత్రం ఈ రోజుకీ నమ్మించలేకపోయాను.