మంచినీళ్ళు అడిగే ఎమ్మెల్యే మా బాబాయ్

నిన్న ఆఫీస్ కాల్‌లో ఉండగా కెనడా నుంచి పిన్ని ఫోన్ చేసింది. అక్కడ అప్పటికి ఇంకా తెల్లారలేదు. ఆ వేళకు ఫోన్ వచ్చిందంటేనే ఏదో జరిగిందని అర్థం.

రాంబాబు బాబాయ్ ఇక లేడు.

కోవిడ్. హాస్పిటల్లో పిన్నిని కూడా లోపలికి రానివ్వలేదు. ఐప్యాడ్‌లో చూపించారట.

ఇటు కాల్‌లో ఎవరో నన్ను మ్యూట్ తీయమంటున్నారు. లాప్‌టాప్ మూసేశాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మా నాన్నకు తమ్ముడు. భీమవరం దగ్గర పుట్టి, కెనడాలో సస్కాచువాన్ అనే ప్రావిన్స్‌లో లెక్కల మాస్టారుగా పనిచేసి, అక్కడే రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. మంత్రి కాలేదు. ఎప్పుడూ ప్రతిపక్షమే.

మొదటిసారి నిలబడ్డప్పుడు మాత్రం చిత్తుగా ఓడిపోయాడు. దానికి కారణం మన గోదావరి మొహమాటం.

చలిలో ఇల్లిల్లూ తిరిగేవాడు. వాళ్ళు కాఫీ తాగుతారా అంటే, "అబ్బే, ఇప్పుడెందుకండీ" అనేవాడు. మన దగ్గరైతే ఇంకో రెండుసార్లు బతిమాలి చేతిలో పెడతారు. అక్కడ సరేనని తలుపు వేసుకునేవారు.

ఓటు సంగతీ అంతే. రోడ్ల గురించి, హాస్పిటల్ గురించి చక్కగా చెప్పేవాడు. అసలు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఓడిపోయాక ఒక ముసలి రైతు షాపులో కనిపించి, "నువ్వు మంచివాడివే. కానీ నన్ను ఓటు అడగలేదుగా! నీకు అక్కర్లేదనుకున్నా" అన్నాడట.

అడగందే అమ్మయినా పెట్టదని చిన్నప్పటి నుంచి విన్నవాడే. అర్థం కావడానికి కెనడా వెళ్ళాల్సి వచ్చింది.

తర్వాతి ఎలక్షన్లో ప్రతి ఇంట్లోనూ ముందు గ్లాసు మంచినీళ్ళు అడిగాడు. బూట్లు విప్పి, కూర్చుని, తాగి, వాళ్ళ కష్టసుఖాలు విని, లేచేటప్పుడు ఓటు అడిగాడు. ఇలాగైతే ఊరు ఎప్పటికి పూర్తవుతుందని పార్టీవాళ్ళు తలలు పట్టుకున్నారు.

"మీ బాబాయ్ ఓట్ల కోసం సగం, బాత్రూముల కోసం సగం తిరుగుతున్నాడే" అని పిన్ని నవ్వేది.

గెలిచాడు. ఆ చిన్న ఊళ్ళకు డాక్టర్ కావాలని అసెంబ్లీలో అడిగీ అడిగీ, చివరికి తెప్పించాడు. "ప్రతిపక్షం అంటే అడగడవేనమ్మా. మొహమాటపడితే జీతం దండగ" అనేవాడు.

కరోనాకు ముందు ఒకసారి జర్మనీకి, స్టుట్‌గార్ట్‌లో మా ఇంటికి వచ్చాడు.

ఇక్కడ కేర్‌వోహె అని ఒక పద్ధతి ఉంది. వంతులవారీగా వారానికొకరు మెట్లు ఊడవాలి. పై అంతస్తులో ఉండే ఫ్రౌ కెల్లర్, అంటే కెల్లర్ మేడమ్, నాతో మాట్లాడిందంటే, నేను మెట్లు సరిగ్గా ఊడవలేదని అర్థం. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

బాబాయ్ రెండో రోజే పైకి వెళ్ళి ఆవిడ తలుపు తట్టాడు. "వాటర్, ప్లీజ్" అన్నాడు.

పాపం ఆవిడ, మా కుళాయి పాడైందనుకుని బకెట్‌తో నీళ్ళు తెచ్చింది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం గ్లాసు తెప్పించుకుని, తాగి, వాళ్ళ సోఫాలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఈయనకు జర్మన్ రాదు, ఆవిడ ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ తెలియదు.

తర్వాత కరోనా వచ్చింది. నాలుగోసారి ఎలక్షన్‌కి ఎవరి గడపా తొక్కే వీల్లేదు.

"ఫోన్లో మంచినీళ్ళెలా అడగనమ్మా?" అన్నాడు.

ఓడిపోయాడు. ఆ తర్వాత గొంతులో మునుపటి హుషారు లేదు.

ఇటు మావారు, పాప ఇండియా వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయారు. నేనూ, లాప్‌టాపూ, నాలుగు గోడలూ. ప్రతి ఆదివారం బాబాయ్ ఫోన్ చేసి ఒకటే ప్రశ్న: "ఏవమ్మా, పైనావిడ్ని మంచినీళ్ళడిగేవా?"

"ఈ రోజుల్లో ఎవరు తలుపు తీస్తారు బాబాయ్" అనేదాన్ని.

"తియ్యకపోతే అప్పుడు చూద్దాం. ముందు నువ్వు అడుగు."

అంత్యక్రియలకు పదిమందికే పర్మిషన్. "ఎవర్ని రమ్మనాలే? ఎవర్ని వద్దనాలే?" అని పిన్ని అడుగుతోంది. ఆ ఊళ్ళో ఆయనకు నీళ్ళివ్వని ఇల్లు లేదు. నేను జూమ్‌లో చూడాలట. ఈ జూమ్ చావులు చూసీ చూసీ విసుగొచ్చేసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

నిన్న సాయంత్రం మాస్క్ పెట్టుకుని పైకి వెళ్ళాను. తలుపు తట్టి, దూరంగా జరిగి, గ్లాసు మంచినీళ్ళు కావాలన్నాను.

ఫ్రౌ కెల్లర్ తలుపు ఇంకాస్త తీసింది. "కెనడా అంకుల్?" అంది.

తలూపాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆవిడ నీళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టింది. కుర్చీ వెయ్యనా అని అడిగింది. "వద్దండీ, పర్లేదు" అన్నాను. అలవాటు కదా.

సరేనని తలుపు వేసుకోబోయింది.

"కుర్చీ వెయ్యండి, కూర్చుంటాను" అన్నాను.

వెళ్ళిరా బాబాయ్. అక్కడెవరైనా ఏమైనా కావాలా అంటే మొహమాటపడకు. ఇన్ని గడపలు ఎక్కి దిగిన నీ కాళ్ళకు ఇకనైనా విశ్రాంతి దొరకాలి.