మాస్టారు చూపిన అర మిల్లీమీటరు

సోమవారం పొద్దున్న ఆరున్నరకి మాస్టారి కోడలు ఫోను చేసింది. "ఈరోజు మావయ్య రారమ్మా. నిన్న సాయంత్రం పోయారు" అంది. నేను పలాసలో ఒక డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్ని. వారానికి రెండుసార్లు ఆయనకి సూది గుచ్చేది నేనే. ఫోను పెట్టేశాక కూడా అలవాటు కొద్దీ కిటికీ పక్క ఆయన మంచం మీద దుప్పటి పరిచేశాను. పరిచాక గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయాను.

ఆయన టెక్కలి చుట్టుపక్కల పోస్టాఫీసుల్లో పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర. అక్కడ చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. నాలుగ్గంటలు మిషను మీద ఉన్నా విసుక్కునేవారు కాదు. సూదులున్న చెయ్యి కదపకుండా చాపి ఉంచి, రెండో చేత్తో భూతద్దం పట్టుకుని తపాలా బిళ్ళలు చూసుకునేవారు. పక్క మంచాల వాళ్లు నవ్వితే ఆయనా నవ్వేవారు.

మా ముత్తవ్వ టెక్కలిలో క్రైస్తవ మిషనరీల బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసానికి అమెరికా నుంచి చెల్లెలు ఉత్తరాలు రాసేదట. దొరసాని పారేసిన కవర్లని, బొమ్మలు బాగున్నాయని, ముత్తవ్వ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఆ డబ్బా చివరికి నాకు చేరింది.

ఒక ఏడాది తుపానుకి మా ఇంటి పైరేకులు లేచిపోయాయి. ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో చూశాను. పాత అమెరికా బిళ్ళ ఒకటి, ఆకుపచ్చది, ఒక సెంటుది, లక్షలు పలికిందట. డబ్బా తీస్తే అచ్చం అలాంటిదే ఉంది. జుట్టు మెడ దాకా వేలాడే పెద్దాయన బొమ్మ. ఆత్రంగా కత్తెర తీసి బిళ్ళలు కత్తిరించి, పర్సులో వేసుకుని మాస్టారికి చూపించాను.

"కవర్లేవమ్మా?" అన్నారు.

"పొయ్యిలో పెట్టేసినాను మాస్టారూ. పాత కాయితాలే కదా."

ఆయన భూతద్దం దించేశారు. "ఒక్కటీ మిగల్లేదేటి?"

"రెండున్నాయి."

"వాటి జోలికెళ్లకు. కొన్నిసార్లు బిళ్ళ కంటే కవరుకే విలువెక్కువ. ఎక్కడ బయల్దేరిందో, మనూరికి ఎప్పుడొచ్చిందో ముద్రలు సెప్తాయి."

కోప్పడలేదు. ఆ రోజు నుంచే పాఠం మొదలుపెట్టారు. బిళ్ళని వేళ్లతో ముట్టుకోకుండా ట్వీజరుతో పట్టుకోమన్నారు. "ముందు వెనక్కి తిప్పి సూడు. ముఖం దేనికైనా బాగానే ఉంతాది" అనేవారు. వెనక కాగితం ఎక్కడైనా పలచబడిందా, అంచు పళ్లలో ఏదైనా విరిగిందా, రెండు సెంటీమీటర్లలో ఎన్ని పళ్లున్నాయి, అన్నీ నన్నే చూడమన్నారు. అదే బొమ్మని వేరే వేరే మిషన్ల మీద అచ్చు వేశారట. మామూలువి కోట్ల కొద్దీ ఉన్నాయి. అరుదైనది వాటికంటే ఓ అర మిల్లీమీటరు వెడల్పు, అంతే తేడా.

మూడో వారం నా ఆకుపచ్చ బిళ్ళ కొలిచి, "మామూలుదేనమ్మా" అన్నారు.

అప్పటికే ఇంట్లో అందరికీ చెప్పేశాను. కొత్త రేకుల గురించి మా ఆయన బేరం కూడా ఆడొచ్చాడు. "మీకు తెలీదు మాస్టారూ. మీరు ఇక్కడి బిళ్ళలమ్మినోళ్లు, అమెరికావి మీకేటి తెలుస్తాయి?" అనేశాను. వార్డంతా విన్నారు. తర్వాత రెండు వారాలు ఆయన మంచం వేరే అమ్మాయికి అప్పజెప్పి అటువైపు వెళ్లలేదు.

రెండో వారం చివర ఆ అమ్మాయి నాకో కవరు తెచ్చిచ్చింది. అందులో ఆయన సొంత బిళ్ళల పుస్తకంలోంచి తీసిన ఆకుపచ్చ బిళ్ళ, ఒక చిన్న స్కేలు, చీటీ. "ఇది మామూలుది. నీదాన్ని దీని పక్కన పెట్టి నువ్వే కొలుచుకో. నా మాట నమ్మక్కర్లేదు." భోజనాల గదిలో కూర్చుని నాలుగుసార్లు కొలిచాను. రెండూ ఒక్కటే.

అప్పుడే వెళ్లి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. "తప్పైపోయింది మాస్టారూ" అన్నాను.

"కొలిసినావా?"

"కొలిసినాను."

"అయితే నీకు పని వచ్చేసినట్టే" అని చెయ్యి చాపారు, సూదికి.

మిగిలిన రెండు కవర్లలో ఒకదాని మీద రెండేసి సెంట్ల ఎర్రవి రెండు, ఒక సెంటు ఆకుపచ్చది ఒకటి ఉన్నాయి. రెండూ రెండూ ఒకటీ అయిదు సెంట్లు, అప్పట్లో సముద్రం దాటించే కూలి అదేనని చెప్పారు. వెనక టెక్కలి ముద్ర స్పష్టంగా ఉంది. ఎవరో ఒకరు చెప్పిన ధరకి ఇచ్చేయొద్దని ముగ్గురిని అడిగించారు. విశాఖలో ఒకాయన కొన్నారు. లక్షలు కాదు. ఇంటికి సగం రేకులొచ్చాయి. రెండో కవరు అమ్మలేదు. మాస్టారూ అమ్మమనలేదు.

ఇప్పుడు పన్నెండు మంది రోగులున్న మా గదిలో ఏ రిపోర్టు వచ్చినా, ఎవరో చదివి చెప్పింది వినకుండా నేనే ఒకసారి చూసుకుంటాను. ఆ అలవాటు ఎవరి దగ్గర నేర్చానో నాకు తెలుసు.

ఆ సోమవారం మధ్యాహ్నం వాళ్లూరు వెళ్లాను. కోడలు నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్లింది. కిటికీ దగ్గర బల్ల మీద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంది. ఎవరో కత్తిరించేసిన కవరు ముక్కల నుంచి నీళ్లలో నానబెట్టి తీసిన బిళ్ళలు ఓ పది, బోర్లా ఆరబెట్టి ఉన్నాయి. "ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. తియ్యబుద్ధి కాలేదు" అంది. అవి పూర్తిగా ఎండి, అంచులు కొంచెం పైకి లేచి, సముద్రపు గాలికి ఒక్కొక్కటీ సన్నగా కదులుతున్నాయి.