కాలువ కింద వేలెడు పువ్వు

నేల మీద పూసే ఆర్కిడ్ చూడాలంటే పుష్యమాసంలో వెళ్ళాలి, పాత చీర కట్టుకోవాలి, మోకాళ్ళు బాగుండాలి. ఇవేవీ నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మా ఆడపడుచు కూతురు హారిక గుంటూరులో మొక్కల మీద ఎమ్మెస్సీ చదువుతోంది. ఏడాదంతా దేని మీద పని చేయాలనుకుంటోందో సోమవారం లెక్చరరు గారికి చెప్పాలి. ఆర్కిడ్ మీద చేస్తానంటే ఆయన, "ఈ పత్తి, మిరప నేలల్లో ఆర్కిడ్లెక్కడివమ్మా? విచ్చిన పువ్వు ఫొటో చూపిస్తే ఒప్పుకుంటాను. లేదంటే మిరప తెగుళ్ళు తీసుకో" అన్నారట. మా పిల్లకేమో మిరపచేను గట్టెక్కితే చాలు, తుమ్ములు ఆగవు. పోయినేడు స్నేహితురాలి ఊరు వెళ్ళినప్పుడు కాలువ కింద వాడిపోయిన ఆర్కిడ్ కాడ ఒకటి చూసిందట. ఆ ఆశతో ఆదివారం బయల్దేరింది. ఒంటరిగా పంపనంది మా ఆడపడుచు. అలా నేను తోడెళ్ళాను.

చీరాలలో ఆరున్నరకు రైలెక్కి, తెనాలిలో మారి, తొమ్మిదికి గుంటూరులో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. బాగుంటుంది, కానీ చట్నీలో కారం తక్కువేనని బండివాడు చెబితే నమ్మకండి. అక్కణ్ణించి పల్లెవెలుగు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. బస్సు దిగాక మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళతో కలిసి షేరాటో ఎక్కాం.

"ఏ చేలోకమ్మా కోతకి?" అంది నా పక్కనావిడ.

"కోతకి కాదు, పువ్వు చూడ్డానికి."

"ఏం పువ్వు?"

"చూశాక చెప్తాను. నాకూ తెలీదు."

ఆవిడ టిఫిను క్యారేజీ ఒళ్ళోకి లాక్కుని కాస్త జరిగి కూర్చుంది.

కాలువ కట్ట కింద పక్కపక్కనే రెండు మడులు. ఊట నీళ్ళకు ఎప్పుడూ తడిసే ఉంటాయి. చుట్టూ పత్తి, మిరప కళకళలాడుతున్నా అక్కడ మాత్రం ఏ పంటా నిలవక గడ్డీ తుంగా పెరిగాయి. అడుగేస్తే కాలు పైకొచ్చింది గానీ చెప్పు రాలేదు. పెళ్ళి స్టేజీల మీద కట్టే ఊదారంగు పువ్వులు కనిపిస్తాయేమోనని నేను దూరంగా చూస్తున్నాను.

"అత్తయ్యా, కదలకు. నీ కాలి పక్కనే ఉంది."

వంగి చూశాను. వేలెడు కాడ. దానికి చిన్న వరి వెన్నులా మొగ్గలు.

"ఇదా?"

"ఇదే."

"దీనికోసమా రైలెక్కింది?"

హారిక అప్పటికే ఇంకో మొగ్గ వెతుకుతోంది. ఎండెక్కితే గానీ పువ్వు విచ్చదంది. గడ్డిలో మళ్ళీ పోల్చుకోవడానికి, మొగ్గ కనిపించిన ప్రతిచోటా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల గుచ్చింది. ఈలోగా కట్టెక్కి పులిహోర తిన్నాం.

తిరిగి వచ్చేసరికి పుల్లలన్నీ ఎడమ మడిలో, మగ్గం మీద పడుగులా సూటిగా నిలబడి ఉన్నాయి. పక్కన తలగుడ్డ చుట్టుకున్న రైతు. పేరు కోటయ్య.

"పుల్లలు వంకరగా పడ్డయ్యమ్మా, సర్దాను" అన్నాడు. "రోడ్డు నా మడిలోంచి పోతేనే చక్కగా ఉంటది."

అటువైపు కొత్త రోడ్డు వస్తుందని ఊళ్ళో పుకారట. మా ఎర్రగుడ్డ పుల్లల్ని రోడ్డు కొలతల పుల్లలనుకున్నాడు; పంట రాని మడి రోడ్డుకు పోతే నాలుగు డబ్బులొస్తాయని ఆయన ఆశ. కుడి మడి మస్తాన్‌ది. ఎవరు చెప్పారో ఏమో, అతనూ బండి మీద వచ్చేశాడు.

"ఏరా కోటయ్యా, పుల్లలు నీ మడిలోకి నడిచొచ్చినయ్యా?"

హారిక తడినేల మీదే కూలబడింది. "పుల్లలు లేకపోతే ఎక్కడని వెతకను అత్తయ్యా? నాలుగింటికే బస్సు."

"రోడ్డూ లేదు గీడ్డూ లేదు బాబూ, పువ్వు కోసం వచ్చాం" అన్నాను.

"మొదట అందరూ అట్టాగే అంటారమ్మా" అన్నాడు కోటయ్య.

మస్తాన్ బండి దిగి, "పువ్వు ఎవరి మడిలో ఉంటే పుల్ల అక్కడే గుచ్చుతారా?" అనడిగాడు.

"అక్కడే" అన్నాను.

అంతే, ఇద్దరూ పువ్వు వెతుకుతూ మోకాళ్ళ మీద పడ్డారు. ఫోన్లు వెళ్ళాయి. ఇద్దరి తరఫునా మనుషులొచ్చారు. తొక్కకండని నేను, తుంచకండని హారిక అరుస్తూనే ఉన్నాం.

"ఒరేయ్, నీ మోకాలు నా గట్టు దాటింది."

"నీ గట్టే నా మడిలో ఉందిరా."

మూడు దాటింది. హారిక మాటిమాటికీ ఫోనులో టైము చూసుకుంటోంది. కోటయ్య అరుపులు ఆగిపోయాయేమిటా అని నేను తలెత్తి చూస్తే, గట్టు దాటి అవతలి మడిలో ఉన్నాడు. రెండు చేతులూ ఏదో దీపం ఆరిపోతుందన్నట్టు నేల మీద అడ్డం పెట్టాడు.

"అమ్మాయీ, ఇదేనా? మస్తాన్ మడిలోదే" అన్నాడు, దావా ఓడినవాడి గొంతుతో.

రెండు పువ్వులు విచ్చుకున్నాయి. తెల్లగా, కొసన పసుపు అద్దినట్టున్నాయి. గోరంత కూడా లేవు. హారిక బురదలో బోర్లా పడుకుని ఫొటో తీసింది. చుట్టూ చేరినవాళ్ళు ఊపిరి కూడా మెల్లగా తీశారు.

"దీని మీద రోడ్డేస్తే చచ్చిపోద్ది గదమ్మా" అన్నాడు మస్తాన్.

"అందుకే గదరా చెప్పేది" అన్నాడు కోటయ్య. "రోడ్డు నా వైపుకి తిప్పమను."

నాలుగు గంటల బస్సు అందింది. ఫొటో బస్సులోంచే లెక్చరరు గారికి వెళ్ళింది. తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతుంటే జవాబొచ్చింది: "బాగుందమ్మా, ఇదే చెయ్యి. వెనక మోకాళ్ళ మీద ఉన్నది ఎవరు?"

"ఏం రాయను అత్తయ్యా?"

"రైతులని రాయి. ఏం వెతుకుతున్నారో రాయకు."

చీరాల బండెక్కగానే హారిక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పువ్వులు చూడ్డానికి ఇంకెవరైనా అటు వెళ్తే ఒక్కటే మాట: పుల్లలు మాత్రం గుచ్చకండి. మిగతా మొగ్గలు మాకు దొరకనే లేదు. అవి ఎవరి మడిలో ఉన్నాయో తేలేదాకా ఆ ఇద్దరూ వెతుకుతూనే ఉంటారు.