మొహం ఉండాల్సిన చోట చేట

ఖల్లికోటలో చిత్రకళ చదివిన మా తమ్ముడు, బరంపురంలో మేం కొత్తిల్లు కట్టుకున్నప్పుడు తలుపంత బొమ్మొకటి వేసి రిక్షాలో తెచ్చాడు. సముద్రం మధ్యలో బీరువా. తెరిచి ఉన్న బీరువాలోంచి రైలుపట్టాలు నీళ్ల మీదికి వస్తాయి. పట్టాల మీద చీర కట్టుకున్న ఆడమనిషి. మొహం ఉండాల్సిన చోట చేట.

ముందుగదిలో తగిలించాం. ఆ రోజుతో నా మనశ్శాంతి పోయింది.

"ఓలమ్మ, ఏటే ఇది? మొకం నేని మనిసి!" అని మా అత్తగారు మొదలుపెట్టింది.

"కలలాంటి బొమ్మ అత్తా."

"ఇలాటి కల వస్తే లేసి నీళ్లు తాగి పడుకుంటారు. గోడకి తగిలిస్తారేటే?"

మా ఆయనది పసుపు, మిరప టోకు వ్యాపారం. ఇంటికొచ్చిన షావుకార్లకల్లా బీరువా అంటే లక్ష్మి, చేట అంటే ధాన్యం అని గొప్పగా చెప్పుకునేవాడు. అది విని విని అత్తగారు తనే ఒక అర్థం తీసింది.

"ఆ మనిసి నేనే. బీరువా తాళాలు నీ సేతికొచ్చినాయి కదా, నన్ను రైలెక్కించి తోలెయ్యమని మీ తమ్ముడు ఏసినాడు."

రాత్రి అన్నం మానేసింది. మర్నాడూ అంతే. తమ్ముడికి కబురు పెట్టాను.

"ఒరే, ఆ చేటేటో సెప్పి సావరా."

"బొమ్మకి అర్థం సెప్పకూడదప్పా. సూసినోళ్లకి ఏటనిపిస్తే అదే."

"మా అత్తకి తనని రైలెక్కించి పంపేస్తన్నట్టు అనిపిస్తంది. అదేనా?"

వాడు తల పక్కకి వంచి బొమ్మని చూశాడు. "అదీ బాగానే ఉందప్పా" అన్నాడు. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

వాడు వెళ్లాక బొమ్మ దించి మా పడగ్గదిలోకి ఈడ్చుకుపోయాను. ఆయాసం వచ్చి నేలమీద కూలబడి, అర్థం వెతక్కుండా మొదటిసారి దాన్ని చూశాను. వాన ముందరి మబ్బు రంగులో నీళ్లు. ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఆమె భుజాల్లో భయం లేదు, తొందరా లేదు. ఆమెని ఎవరూ పిలవడం లేదు. నాకు చెప్పలేనంత అసూయ కలిగింది.

"ఏటే, పాలు పొంగిపోతన్నాయి!" అని అత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

పొయ్యి దగ్గరికి పరిగెత్తి, పాలు దించి, చెప్పాను. "అత్తా, ఆ మనిసి నువ్వు కాదు. నేను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే!" అని కంచం ముందేసుకుని కూర్చుంది.

సాయంత్రం మా ఆయన కొట్టు నుంచి వచ్చి బోసిగోడ చూసి మొహం ముడుచుకున్నాడు. "వచ్చినోళ్లకి ఏటి సూపించీది? మీ తమ్ముడితో ఇంకోటి ఏయించు" అన్నాడు.